సైకిల్ టైరు, ట్యూబు ఎంచుకొని సరిగా బిగించడం ఎలా?

కొత్త ట్యూబు వేసిన గంటలోపే గాలి దిగిపోతే ట్యూబు నాసిరకమని చాలామంది తీర్మానిస్తారు. అలా పారవేయబోయిన ట్యూబులను తీసుకొని నీళ్లలో ముంచి చూసినప్పుడల్లా నాకు ఎక్కువగా కనిపించేది ఒకటే: రిమ్ముకూ టైరు అంచుకూ నడుమ నలిగినచోట గోటితో గీసినట్టున్న సన్నని చీలిక. అది ముల్లు చేసిన గాయం కాదు, బిగించేటప్పుడు మన చేతులతో మనమే చేసినది. టైరులో చివరి జానెడు భాగాన్ని రిమ్ములోకి ఎక్కించే దశలోనే ఇది జరుగుతుంది కాబట్టి, మిగిలిన పనులను క్లుప్తంగా చెప్పి ఆ దశను వివరంగా రాస్తున్నాను.

కొలత చూసుకోవడం

టైరు మీద అంగుళాలలో రాసిన కొలతను నమ్మి కొనకూడదు. 26×1.75 అని ఉన్న టైరూ, 26×1⅜ అని ఉన్న టైరూ రెండూ "26 అంగుళాలవే" అయినా, మొదటిది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు, రెండవది 590 మిల్లీమీటర్ల రిమ్ముకు చెందుతాయి. లెక్కలో 1.75, 1¾ సమానమే గానీ, 26×1¾ అని భిన్నంలో రాసిన టైరు కూర్చునేది 571 మిల్లీమీటర్ల రిమ్ము మీద. అందువల్ల పాత టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, 47-559, 37-622 వంటి జంట సంఖ్యను వెతికి రాసుకోండి. అందులో మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండవ సంఖ్య అచ్చంగా కలవాలి. మొదటి దానిలో కొంత వెసులుబాటు ఉంటుంది. ఫోర్కుకూ బ్రేకులకూ తగలకుండా, రిమ్ము వెడల్పుకు నప్పేంతవరకు కాస్త వెడల్పు టైరునే ఎంచుకోవాలి, ఎందుకంటే అది తక్కువ గాలితోనే బరువు మోసి గతుకులను మింగేస్తుంది.

తారురోడ్డు మీద తిరిగే సైకిలుకు లోతైన గాళ్లున్న టైరు అవసరం లేదు. వానలో గాళ్లు లేకపోతే జారుతుందన్న భయం కార్ల నుంచి అరువు తెచ్చుకున్నది. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని పక్కలకు నెట్టేస్తుంది. సైకిల్ వేగంలో టైరు కింద నీటిపొర నిలవదు. గట్టి రోడ్డు మీద పట్టునిచ్చేది రబ్బరే. మట్టి, బురద దారుల్లో తిరిగేవారికి మాత్రమే గాళ్లు నిజంగా ఉపయోగపడతాయి.

ట్యూబు డబ్బా మీద కూడా వెడల్పు "ఇంత నుంచి ఇంత వరకు" అని ఉంటుంది. మీ టైరు వెడల్పు ఆ రెండు అంకెల నడుమకు రావాలి. మరీ సన్నని ట్యూబు సాగిపోయి పలచబడుతుంది, మరీ లావుది లోపల మడతపడి ఆ మడత దగ్గరే తెగుతుంది. వాల్వు రిమ్ము రంధ్రానికి సరిపోవాలి: సన్నని ప్రెస్టా వాల్వుకు సుమారు 6.5 మిల్లీమీటర్ల రంధ్రం, కారు టైరుకుండే రకం ష్రేడర్ వాల్వుకు సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. సన్నని రిమ్ముకు రంధ్రం పెద్దది చేస్తే రిమ్ము బలహీనపడుతుంది కాబట్టి ఆ పని చేయకండి. రోజూ తొక్కేవారు బ్యూటైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) ట్యూబే తీసుకోవాలి. లేటెక్స్ (సహజ రబ్బరు) ట్యూబు తేలికే గానీ గాలిని త్వరగా వదిలేస్తుంది.

విప్పడం, కారణం వెతకడం

రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు, పంపు, అవసరమైతే పానా చాలు. చక్రం తీసి, గాలి పూర్తిగా వదిలి, వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు నుంచి లివరుతో టైరు అంచును పైకి లేపి, ఒక పక్క మొత్తం బయటికి తీయండి. స్క్రూడ్రైవరు వాడకూడదు. నేను నేర్చుకునే రోజుల్లో దానితోనే విప్పి, ఒక్క చిల్లున్న ట్యూబుకు ఇంకో రెండు చిల్లులు పెట్టాను.

కొత్త ట్యూబు వేసేముందు పాతది ఎక్కడ పోయిందో చూడాలి. రోడ్డువైపు చిల్లుంటే ముల్లో గాజుపెంకో టైరులో ఇంకా ఉండవచ్చు. టైరు లోపలంతా గుడ్డతో తుడుస్తూ పోతే అది గుడ్డకు తట్టుకొని దొరుకుతుంది, వేలితో తడిమితే వేలు తెగుతుంది. రిమ్మువైపు చిల్లుంటే లోపలి రిమ్ము పట్టీ జరిగిపోయి చువ్వల తలలు ట్యూబును కోస్తున్నాయని అర్థం, కనుక పట్టీ మార్చండి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే తక్కువ గాలితో గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు నొక్కుకుపోయిందన్నమాట.

చివరి జానెడు

ముందుగా ట్యూబు గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రమే పట్టండి. టైరు పక్కనున్న బాణం చక్రం ముందుకు తిరిగే దిక్కు చూపేలా ఒక అంచును రిమ్ములోకి ఎక్కించి, వాల్వును రంధ్రంలో దూర్చి, ట్యూబును చుట్టూ లోపలికి సర్దండి. టైరు మీది పేరు వాల్వు దగ్గరకు రావాలి. ఇకపై ట్యూబులో చిల్లు దొరికితే టైరులో ముల్లు ఎక్కడుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక రెండవ అంచు. దీన్ని వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి రెండు వైపుల నుంచీ వస్తూ వాల్వు దగ్గర ముగించాలి. చాలామంది దీనికి తలకిందులుగా, వాల్వు దగ్గరే మొదలుపెడతారు. తరువాత కష్టమంతా అక్కడి నుంచే వస్తుంది. రిమ్ము మధ్యలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడి 3 మిల్లీమీటర్లు లోతుగా ఉంటే అక్కడి చుట్టుకొలత టైరు కూర్చునే చోటికంటే సుమారు 19 మిల్లీమీటర్లు తక్కువ అవుతుంది. టైరు అంచు ఆ గాడిలోకి దిగినప్పుడు మిగిలే ఆ వదులుతోనే చివరి భాగం ఎక్కుతుంది. వాల్వు ఉన్నచోట దాని మొదలు గాడిని నింపేస్తుంది కనుక అంచు అక్కడ దిగలేదు. ముందే వాల్వు దగ్గర మూసేస్తే ఆ మేరకు వదులు పోతుంది.

చివరికి జానెడు భాగం బిగుసుకొని ఆగిపోతుంది. ఇక్కడే చేయి లివరు కోసం వెళుతుంది, వెళ్లనివ్వకండి. లివరు మొన లోపలికి పోయేటప్పుడు దానికీ రిమ్ముకూ మధ్య ట్యూబు చిక్కుతుంది, అది మీకు కనబడదు. బదులుగా ట్యూబులోని గాలి కొంచెం వదలండి. చక్రాన్ని ఒళ్లో పెట్టుకొని, వాల్వుకు ఎదుటివైపు నుంచి రెండు చేతులతో టైరును గాడిలోకి నొక్కుతూ, ఆ వదులును వాల్వు వైపుకు లాక్కురండి. ఒక్కసారికి చాలదు, మూడు నాలుగు సార్లు చేయాలి. తరువాత మిగిలిన భాగాన్ని అరచేతి మడమలతో ముందుకు దొర్లిస్తే, టప్‌మన్న చిన్న చప్పుడుతో లోపలికి పడుతుంది.

గాలి కొట్టేముందు వాల్వును లోపలికి నెట్టి తిరిగి లాగండి. దాని మొదట్లో ట్యూబు, టైరు అంచు కింద ఇరుక్కొని ఉంటే విడిపోతుంది. తరువాత టైరును బొటనవేళ్లతో పక్కకు వంచుతూ చుట్టూ, రెండు వైపులా చూడండి. నల్లటి ట్యూబు రవ్వంత కనిపించినా అక్కడ ఆగి సర్దాలి. ఇప్పుడు సగం గాలి పట్టి చక్రం తిప్పండి. రిమ్ముకు దగ్గరగా టైరు మీద సన్నని గీత ఒకటి ఉంటుంది. అది చుట్టూ రిమ్ముకు సమానదూరంలో నడవాలి. ఎక్కడైనా ఉబ్బినా, కుంగినా గాలి తీసి ఆ చోట మళ్లీ సర్దండి.

పూర్తి గాలి ఎంతన్నది టైరు పక్కనే రాసి ఉంటుంది. అందులో గరిష్ఠం దాకా పోనక్కరలేదు. వెనుక చక్రం ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి దానికి ముందు చక్రం కంటే కాస్త ఎక్కువ పెట్టండి. ప్రెస్టా వాల్వు మీది నట్టును వేళ్లతోనే బిగించాలి, పానాతో కాదు. చక్రం తిరిగి ఎక్కించాక బ్రేకు కట్ట రిమ్మునే పట్టుకుంటోందా, టైరును రాసుకుంటోందా చూసి, ఇరుసు నట్లు బిగించి, మరుసటి ఉదయం గాలిని మరొకసారి నొక్కి చూడండి.