కాలనీలో ఉమ్మడి సరుకుల గది నడపడం ఎలా?

జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం అర్హులకు మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుంటే కుటుంబానికి 35 కిలోల బియ్యం అందుతున్నా, వానలు లేక వేరుశనగ ఎండిపోయి, కూలి పనులు దొరకని నెలల్లో అనంతపురం జిల్లాలోని పేద ఇళ్లకు అది చాలదు. పప్పు, నూనె కొనడానికి చేతిలో డబ్బుండదు. కాబట్టి కాలనీవాళ్లంతా కలిసి సరుకులు నిల్వ చేసి, లేనివారికి పంచే ఈ గదిలో బియ్యం కన్నా ముందు కందిపప్పు, నూనె, ఉప్పు, సంగటికి రాగులు ఉండేలా చూడండి.

నిల్వ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. రాగులు, కందిపప్పు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక, ఎండిన వేపాకు వేసి, మూత బిగుతుగా పట్టే డబ్బాల్లో పోయాలి. బస్తాలను నేల మీద కాక చెక్కపలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. పిండి త్వరగా పురుగు పడుతుంది కనుక రాగులను అవసరమైనప్పుడే మర పట్టించండి. ముందు వచ్చిన సరుకునే ముందు పంచాలి.

పంపిణీ సాయంత్రం పెట్టండి. పగలు రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. ఫొటోలు వద్దు. ఆకలితో వచ్చిన మనిషిని నలుగురి ముందు నిలబెట్టి ప్రశ్నించడం నా దృష్టిలో క్షమించరాని పని. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, గర్భిణులు, పసిపిల్లలు ఉన్నారో లేదో పక్కకు పిలిచి అడిగితే చాలు. అలాంటివారిని అంగన్‌వాడీకి, కార్డు లేనివారిని వార్డు సచివాలయానికి తోడుండి తీసుకెళ్లండి. బెంగళూరుకు వలస వెళ్లేవారికి, వన్ నేషన్ వన్ రేషన్ కార్డు విధానం కింద అక్కడి రేషన్ దుకాణంలోనే వేలిముద్ర వేసి సరుకు తీసుకోవచ్చని ప్రయాణానికి ముందే చెప్పండి.