పెట్టె బరువు ఇంట్లోనే తూచుకోండి

విమానాశ్రయం కౌంటరు ముందు పెట్టె విప్పి, వరుసలోని వాళ్లంతా చూస్తుండగా లోపలి బట్టలు చేతిసంచిలోకి కుక్కడం నాకు రెండుసార్లు అనుభవం. చవక విమానాల్లో కిలో ఎక్కువైనా రుసుము కట్టాల్సిందే. ఇప్పుడు ముందురోజు రాత్రే బరువు చూసుకునే యంత్రం మీద మొదట నేనొక్కడినే నిలబడతాను, తర్వాత పెట్టె ఎత్తుకుని నిలబడతాను. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే పెట్టె బరువు తెలుస్తుంది. (పెట్టెను నేరుగా పెడితే అంకెలు దాని కిందే దాక్కుంటాయి.) పరిమితికి ఒక కిలో తక్కువ ఉండేలా సర్దుతాను. అప్పటికీ మించితే అదనపు బరువు ఆన్‌లైన్‌లో ముందే కొంటాను, కౌంటరు దగ్గర సాధారణంగా ధర ఎక్కువ.

యంత్రం తివాచీ మీద ఉంటే లెక్క తప్పుతుంది, గట్టి నేల మీదే పెట్టండి. చేతిసంచి తేలిక చేయాలని పవర్ బ్యాంకును మాత్రం పెద్ద పెట్టెలోకి మార్చకండి. చెక్‌ఇన్ సామానులో దాన్ని అనుమతించరు.