కమాండ్ లైన్‌లో పైథాన్ మొరాయిస్తే

నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఇవాళ నడవడం లేదంటే, చాలాసార్లు పైథాన్‌కి ఏమీ అయి ఉండదు. ఒక్కో మెషీన్‌లో మూడు నాలుగు పైథాన్లు ఉంటాయి. మీరు పిలిచేది ఒకదాన్ని, పలికేది ఇంకొకటి. అందుకే ఎర్రర్‌తో కుస్తీ పట్టేముందు, పలికింది ఎవరో తేల్చుకోవాలి.

ఇక్కడ కమాండ్లు పలికే తీరులో తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి. "పెద్ద" అని చెప్పనిచోటల్లా చిన్న అక్షరాలే. విండోస్ 10, 11 వాడేవారిని దృష్టిలో పెట్టుకున్నాం, లైనక్స్ సంగతి అవసరమైనచోట వస్తుంది.

మొదట ఇది కొట్టండి:

వేర్.ఈఎక్స్ఈ పైథాన్

పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే ఒక విండో) చివరి ".ఈఎక్స్ఈ" తప్పనిసరి. వట్టి "వేర్" అంటే అక్కడ ఇంకో కమాండ్‌కి మారుపేరు, ఏమీ చూపించకుండా ఊరుకుంటుంది. లైనక్స్‌లో అయితే "విచ్ -ఎ పైథాన్3". వచ్చిన జాబితాలో పైన ఉన్నదే ముందు దొరికే పైథాన్.

ఆ మొదటి వరుసలో "విండోస్‌యాప్స్" ఫోల్డర్ కనిపించి, మీరు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి పైథాన్ వేసుకోలేదంటే, అది సున్నా బైట్ల డమ్మీ ఫైలు. "పైథాన్ వాజ్ నాట్ ఫౌండ్" అంటూ స్టోర్‌కి దారి చూపించేది అదే. సెట్టింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్" అని వెతికి, అందులో పైథాన్ పేరుతో ఉన్న స్విచ్‌లు రెండూ ఆపేయండి.

అసలు ఏ వరుసా రాకపోతే పైథాన్ పాత్‌లో (కమాండ్ కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) లేదు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి, "మాడిఫై" నొక్కి, "యాడ్ పైథాన్ టు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్" దగ్గర టిక్ పెట్టడం సులువైన దారి. "సెట్ఎక్స్"తో పాత్ మార్చమని చెప్పే సలహా మాత్రం వినకండి. అది 1,024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది, పాత్‌లో చివర ఉన్నవన్నీ గల్లంతవుతాయి. మార్పు ఎలా చేసినా టెర్మినల్ మూసి కొత్తది తెరవాలి. పాత విండోకి పాత పాతే తెలుసు.

"పై -0పి" అని కొడితే (పై అంటే పి, వై; ఓ కాదు, సున్నా) లాంచర్‌కి, అంటే వెర్షన్ ఎంచి పైథాన్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌కి, తెలిసిన వెర్షన్లన్నీ ఫోల్డర్లతో సహా వస్తాయి. ఫలానా వెర్షనే కావాలంటే "పై -3.12" అని పిలవచ్చు. ఇప్పుడు నడుస్తున్నది ఏదో దాని నోటితోనే చెప్పించాలంటే:

పైథాన్ -సి "ఇంపోర్ట్ సిస్; ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)"

ఇన్‌స్టాల్ చేశాక కూడా "నో మాడ్యూల్ నేమ్డ్" అంటుంటే

ప్యాకేజీ ఒక పైథాన్‌లో పడింది, ప్రోగ్రామ్ ఇంకో పైథాన్‌తో నడుస్తోంది. ప్యాకేజీలు దించి పెట్టే పనిముట్టు పిప్. "పిప్ --వెర్షన్" కొడితే వరుస చివర బ్రాకెట్లలో అది ఏ పైథాన్ తాలూకు పిప్పో ఉంటుంది. వట్టి "పిప్" అనడం మానేసి, ఎప్పుడూ ఇలా అలవాటు చేసుకోండి:

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్

ఏ పైథాన్ పేరు చెబితే ఆ పైథాన్‌లోనే పడుతుంది. ఈ కమాండ్‌కి "సింటాక్స్ ఎర్రర్: ఇన్‌వాలిడ్ సింటాక్స్" వస్తే, ఎడమవైపు ">>>" ఉందేమో చూడండి. అంటే మీరు పైథాన్ లోపల ఉన్నారు, పిప్ కమాండ్ బయట కొట్టాలి. కంట్రోల్-జెడ్ నొక్కి ఎంటర్ (లైనక్స్‌లో కంట్రోల్-డి) కొడితే బయటికొస్తారు.

డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని, సిస్టమ్ పైథాన్‌లో పిప్ వాడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని అడ్డుపడుతుంది. దాన్ని దాటే ఆప్షన్ ఉంది, కానీ "సిస్టమ్ ప్యాకేజీలు విరగ్గొట్టు" అని దాని పేరే హెచ్చరిస్తోంది. వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) చేసుకోవడమే నయం:

పైథాన్3 -ఎమ్ వెన్వ్ .వెన్వ్

విండోస్‌లో వెన్వ్‌ని యాక్టివేట్ చేయబోతే పవర్‌షెల్ "రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిజేబుల్డ్" అనొచ్చు. యాక్టివేట్ చేయకుండానే .వెన్వ్ లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉన్న పైథాన్‌ని పూర్తి దారితో పిలవండి, పని అయిపోతుంది. వెన్వ్ ఫోల్డర్‌ని వేరేచోటికి జరపడం, పేరు మార్చడం పనికిరాదు. లోపల పాత దారులు అచ్చుగుద్దినట్టు ఉండిపోతాయి. తీసేసి మళ్లీ చేయండి.

పిప్ "మైక్రోసాఫ్ట్ విజువల్ సి++ 14.0" కావాలని అడిగితే, సాధారణంగా మీ పైథాన్ మరీ కొత్తదని అర్థం. ఆ వెర్షన్‌కి రెడీమేడ్ వీల్ (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీ) ఇంకా రాక, పిప్ సోర్సు నుంచి కట్టబోయింది. జీబీలకొద్దీ బిల్డ్ టూల్స్ దించుకునేకంటే ఒక మెట్టు పాత పైథాన్‌తో వెన్వ్ చేసుకోవడం తేలిక.

మీ ఫైలే అడ్డం పడుతుంటే

"పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అని వస్తే మీ ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు చూడండి. అభ్యాసం కోసం రాసిన ఫైలుకి "రాండమ్.పివై" అని పేరు పెట్టి ఉంటారు. పైథాన్ ముందు స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి అసలు రాండమ్ దాకా పోదు. ఇంపోర్ట్ తర్వాత "ప్రింట్(రాండమ్.__ఫైల్__)" పెడితే దొంగ దొరుకుతాడు. పేరు మారిస్తే చాలు, పైకాష్ ఫోల్డర్ (పైథాన్ తానే అనువదించి దాచుకున్న ఫైళ్లుండే చోటు) చెరపనక్కర్లేదు. సోర్సు ఫైలు లేకపోతే అందులోని ఫైలుని పైథాన్ 3 పట్టించుకోదు.

పైథాన్ లేవకముందే "నో మాడ్యూల్ నేమ్డ్ ఎన్‌కోడింగ్స్" అని పడిపోతే, ఏదో సాఫ్ట్‌వేర్ "పైథాన్‌హోమ్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి వదిలేసి ఉంటుంది. "పైథాన్ -పెద్ద ఈ" అంటే అలాంటి వేరియబుల్స్‌ని వదిలేసి లేస్తుంది. అలా లేచిందంటే ఆ వేరియబుల్‌ని తీసేయండి.

తెలుగు ఫైలు చదవబోతే

మన దగ్గర ఎక్కువగా వచ్చే తంటా ఇది. "తెలుగు" అన్న మాటతో మొదలయ్యే ఫైలుని విండోస్‌లో మామూలుగా ఓపెన్ చేసి చదివితే, 11వ స్థానంలో 0ఎక్స్81 బైట్‌ని డీకోడ్ చేయలేనంటుంది. ప్రతి తెలుగు గుర్తూ యూటీఎఫ్-8లో (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు. త, ఎత్వం, ల కలిసి 0 నుంచి 8 దాకా నిండాయి. తర్వాతి ఉకారంలో మూడో బైట్ 81. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ వాడే విండోస్ పట్టిక, సాధారణంగా సీపీ1252, ఆ గడిని ఖాళీగా వదిలేసింది. పొల్లు గుర్తులోని 8డి సంగతీ అంతే, కాబట్టి ఒత్తున్న మాట ఏదైనా అక్కడే ఆగుతుంది. "రామ" లాంటి మాట ఆగదు, అది ఇంకా ప్రమాదం. ఎర్రర్ లేకుండా, నెత్తిన గీతున్న "ఏ" పక్కన డిగ్రీ గుర్తు వరసగా ఉన్న చెత్తగా మారి లోపలికొస్తుంది.

ఓపెన్‌లో ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" అని రాయడం అసలు మందు. కోడ్ మీది కాకపోతే:

పైథాన్ -పెద్ద ఎక్స్ యూటీఎఫ్8 ప్రోగ్రామ్.పివై

ఇది 3.7 నుంచి ఉంది. స్క్రీన్ మీద తెలుగు సరిగానే ప్రింటయి, ">" గుర్తుతో ఫైలులోకి పంపితే మాత్రం "యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్" వచ్చినా ఇదే వాడండి. 3.6 నుంచి కన్సోల్‌కి నేరుగా యూనికోడ్ వెళ్తుంది, ఫైలుకి మళ్లిస్తే మళ్లీ పాత పట్టికే. పవర్‌షెల్ 5.1 ఆ బైట్లను మధ్యలో తనకు తోచినట్టు మార్చేస్తుంది కాబట్టి, ఈ పని సీఎండీలో (విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్) చేయండి.

ఎక్సెల్ "సీఎస్‌వీ యూటీఎఫ్-8"గా సేవ్ చేసిన ఫైలులో మొదటి కాలమ్ పేరు ఒక్కటే "కీ ఎర్రర్" ఇస్తుంటే, దాని ముందు కంటికి కనబడని బామ్ గుర్తు (ఫైలు యూటీఎఫ్-8 అని చెప్పడానికి మొదట్లో పెట్టేది) అంటుకుని ఉంది. ఎన్‌కోడింగ్‌ని "యూటీఎఫ్-8-సిగ్" చేయండి.