రోమ్ చూడటానికి వెళ్తున్నారా? ముందు ఇవి సరిచూసుకోండి

– కొలోసియం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. 2023 నుంచి టికెట్లు పేరు మీదే ఇస్తున్నారు, గేటు దగ్గర గుర్తింపు పత్రం అడుగుతారు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక పడుతుంటుంది కాబట్టి డబ్బు కట్టే ముందే చూసుకోండి. అదే టికెట్‌తో పక్కనే ఉన్న రోమన్ ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. నాకైతే కొలోసియం కన్నా ఫోరమ్‌కే ఎక్కువ సమయం కావాలనిపిస్తుంది. పూట మొత్తం కేటాయించండి.

– వాటికన్ మ్యూజియాలను ఆదివారానికి పెట్టుకోవద్దు. నెలలో చివరి ఆదివారం తప్ప మూసే ఉంటాయి. మైకెలాంజెలో పైకప్పు చిత్రాలున్న సిస్టీన్ చాపెల్‌కు దారి వాటి లోపలి నుంచే.

– సెయింట్ పీటర్స్ బసిలికాకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. లేదంటే లోపలికి పంపరు.

– స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి, 2019 నుంచి నిషేధం. జరిమానా వందల యూరోల్లో ఉంటుంది.

– బస్సెక్కగానే కాగితం టికెట్‌కు మెషీన్‌లో ముద్ర వేయండి. ముద్ర లేకపోతే టికెట్ కొన్నా జరిమానే.

– టెర్మినీ (ప్రధాన రైల్వే స్టేషన్), 64వ నంబరు బస్సు: జేబుదొంగల బెడద. పాస్‌పోర్టు లోపలి జేబులో.

– ఖాళీ సీసా. వీధి కుళాయిల్లో నీళ్లు తాగొచ్చు.