పికప్‌కు పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్: ముందు టైరు కొలత, తర్వాతే కిట్

లిఫ్ట్ కిట్‌తో బండి ఎత్తు పెంచితే పెద్ద టైరు దానంతటదే పడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. లిఫ్ట్ వల్ల బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకూ, దాని పైనుండే ఫెండరుకూ (మడ్‌గార్డుకూ) మధ్య ఖాళీ పెరుగుతుంది. గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు మాత్రం టైరు మునుపటి చోటికే చేరుతుంది, ఎందుకంటే దాన్ని ఆపే బంప్ స్టాప్ (రబ్బరు దిమ్మ) ఉన్నచోటే ఉంది. అందుకే ముందు టైరు సైజు తేల్చుకోవాలి.

ఉదాహరణకు 265/65 ఆర్17 (వెడల్పు 265 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు) టైరు వ్యాసం సుమారు 776 మి.మీ. దాని బదులు 285/70 ఆర్17 వేస్తే 831 మి.మీ. అవుతుంది. తేడా 55 మి.మీ. ఉన్నా బండి లేచేది అందులో సగమే, 27 మి.మీ. స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 107 దాకా ఉంటుంది. 4.10 యాక్సిల్ రేషియో (ఇరుసులోని గేర్ల నిష్పత్తి) ఉన్న బండి 3.83 ఉన్నట్టు నడుస్తుంది. అంటే లాగుడు తగ్గుతుంది, బరువుతో ఎత్తెక్కేటప్పుడు అది బాగా తెలుస్తుంది. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు చెప్పే అంకె) పాతదానికంటే తక్కువ ఉండకూడదు.

రిమ్ము మారుస్తుంటే ఆఫ్‌సెట్ చూడండి, అంటే రిమ్ము మధ్యగీతకూ హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం. దాన్ని చెప్పే ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వంపులో తిరుగుతుంది కాబట్టి ముందు చక్రం వెనక ఉన్న బాడీ మౌంటుకూ (బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే భాగం), ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనరుకూ రాసుకుంటుంది. వీటిలో చాలా కేసులు టైరు సైజువి కావు, ఆఫ్‌సెట్‌వి.

ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) అయితే స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం, పైన పెట్టే స్పేసర్ (దిమ్మ) చౌకైన మార్గం. అది 25 మి.మీ. మందం ఉంటే చక్రం దగ్గర ఇంచుమించు 50 మి.మీ. లేస్తుంది, స్ట్రట్ కింది ఆర్ము మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి. స్పేసర్ పెరిగేకొద్దీ, బంప్ స్టాప్ తగలకముందే షాక్ అబ్జార్బర్ లోపల అడుగు తాకే ప్రమాదం కూడా పెరుగుతుంది. డబ్బు పెట్టగలిగితే పొడవైన స్ప్రింగు, దానికి సరిపడే షాక్ ఉన్న పూర్తి కిట్టే మేలు.

స్పేసర్ పెట్టేందుకు ముందుగా వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, బండి ముందు భాగాన్ని జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. స్టెబిలైజర్ లింకు, పై బాల్ జాయింటు, స్ట్రట్ పై నట్లు, కింది బోల్టు విప్పితే స్ట్రట్ బయటికొస్తుంది. స్ట్రట్ తల నడిమధ్య నట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, నట్టు వదిలితే ప్రాణాల మీదికి వస్తుంది. చక్రం హబ్బును తీగతో కట్టేయండి. లేకపోతే బ్రేక్ హోసు, ఏబీఎస్ వైరు లాక్కుపోతాయి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడుతుంది.

స్ట్రట్ బయట ఉన్న ఈ సమయాన్ని వదులుకోకండి. పై బాల్ జాయింటును తిరిగి బిగించి, కొత్త టైరు తగిలించి, కింది ఆర్మును జాకీతో బంప్ స్టాప్ తాకేదాకా నెమ్మదిగా లేపి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ఎక్కడ రాసుకుంటుందో కళ్ల ముందే కనిపిస్తుంది. లైనరును హీట్ గన్‌తో వేడిచేసి లోపలికి నొక్కొచ్చు, మడ్‌ఫ్లాప్ కోయొచ్చు. బాడీ మౌంటు కోయాల్సి వస్తే అది వెల్డింగ్ పని. ఆ పని చేయడం కంటే చిన్న టైరుకు దిగడం తెలివైన పని.

లిఫ్ట్ 50 మి.మీ. దాటితే పై బాల్ జాయింటు, డ్రైవ్ షాఫ్టులు మరీ ఏటవాలు అవుతాయి, వాటి కీళ్లను కప్పే రబ్బరు బూట్లు చిరిగిపోతాయి. అప్పుడు కొత్త పై ఆర్ములు, డిఫరెన్షియల్‌ను కిందికి దించే డ్రాప్ కిట్ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) అయితే మూడు దారులున్నాయి: కట్టలో ఒక పట్టీ కలపడం, పట్టీలకూ యాక్సిలుకూ మధ్య బ్లాకు (దిమ్మ) పెట్టడం, పట్టీల చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవైనది వేయడం. షాకిల్‌తో 25 మి.మీ. లేవాలంటే దాని పొడవు 50 మి.మీ. పెరగాలి, పైగా యాక్సిల్ కోణం మారుతుంది. బ్లాకు ఒక్కటే పెట్టండి, ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ వద్దు. ముందు యాక్సిలుకు అసలే వద్దు. పట్టీల కింద యాక్సిల్ ఉండే బండికి వాలు బ్లాకు (ఒక అంచు మందంగా ఉండేది) పెడుతుంటే మందమైన అంచు వెనక వైపు ఉండాలి. పట్టీలను యాక్సిలుకు బిగించే పాత యు బోల్టులు సాగి ఉంటాయి, కొత్తవే వాడి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. యాక్సిలుకు లోడ్ సెన్సింగ్ బ్రేక్ వాల్వు (బరువును బట్టి వెనక బ్రేకును మార్చేది) ఉంటే దాని లింకు బ్రాకెట్‌ను కూడా అంతే సరిచేయాలి. లేకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకును తగ్గించేస్తుంది.

రబ్బరు బుష్‌లున్న బోల్టులను బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చివరిసారి బిగించాలి. గాలిలో బిగిస్తే బుష్‌లు మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా పాడైపోతాయి. టార్క్ అంకెలు బండి మాన్యువల్, కిట్ కాగితం ప్రకారమే.

ఆ వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. లిఫ్ట్ వల్ల కాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి, వేగంలో బండి అటూఇటూ తేలుతుంది. హెడ్‌లైట్లు కిందికి దించాలి, స్పీడోమీటర్ సరిచేయించాలి. ముందు కెమెరాతో నడిచే భద్రతా వ్యవస్థ ఉంటే దాని కాలిబ్రేషన్ కూడా. సుమారు 100 కి.మీ. తర్వాత వీల్ నట్లు, యు బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. ఐదో టైరు కూడా అదే సైజులో కొంటుంటే, బండి కింద స్టెప్నీ చోటులో పడుతుందో లేదో ముందే టేపుతో కొలవండి.