వాల్వు రేడియో మరమ్మతు, పాత వాల్వుల పరీక్ష

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న వాల్వు (గాలి తీసేసిన గాజు గొట్టం) రేడియోను దించగానే ప్లగ్గు పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకూడదు. వాడకంలో లేని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ (విద్యుత్తును నిల్వ చేసే భాగం) లోపలి పొర బలహీనపడి దాదాపు షార్టు స్థితికి చేరి ఉండవచ్చు. అప్పుడు పూర్తి కరెంటు ఇస్తే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు, దానితో పాటు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ పోతాయి. వాల్వు ఇంకా దొరుకుతుంది గాని, ట్రాన్స్‌ఫార్మర్ పోతే రీవైండింగ్ తప్ప దారి ఉండదు.

ఇక్కడ చెప్పేది 1960ల నాటి ఏసీ సెట్లలో ఎక్కువగా కనిపించే ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84 (స్పీకరును నడిపేది), ఈజెడ్ 80 (రెక్టిఫయర్) అనే అయిదు వాల్వుల సెట్టు గురించి. ముందుగా వెనుక అట్ట తీసి వాల్వుల పేర్లు చదవాలి. అవి యూసీహెచ్, యూఎల్, యూవై అని మొదలై, లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కనిపించకపోతే అది ఏసీ/డీసీ సెట్టు. దాని చాసిస్ (భాగాలు బిగించిన లోహపు పళ్లెం) నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది కాబట్టి సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ సెట్టును తెరిచి పని చేయడం ప్రాణాంతకం. ఏసీ సెట్టులో కూడా హెచ్‌టీ (వాల్వులను నడిపే అధిక డీసీ వోల్టేజి) 250 వోల్టులకు పైనే ఉంటుంది. అందువల్ల ప్లగ్గు తీసిన తరువాత కూడా 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టెన్స్‌తో ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లను పది సెకన్ల పాటు డిశ్చార్జి చేసి, మీటరుతో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

దుమ్మును మెత్తని బ్రష్షుతోనే దులపాలి. వాల్వు మీది అక్షరాలు వేలితో రుద్దినా చెరిగిపోతాయి, డయల్ అద్దం వెనుక వైపు రాసిన స్టేషన్ల పేర్లు తడి గుడ్డ తగిలితే ఊడి వస్తాయి. స్టేషన్ సిగ్నల్‌ను వడగట్టే ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల డబ్బాల్లోని కోర్లను తిప్పవద్దు. సెట్టు మూగబోవడానికి అలైన్‌మెంటు (ఆ కోర్ల సర్దుబాటు) కారణం కావడం చాలా అరుదు, ఒకసారి తిప్పితే సిగ్నల్ జనరేటర్ లేకుండా మళ్లీ కుదరదు.

రేడియో పలకకపోతే అందరూ మొదట వాల్వునే అనుమానిస్తారు. నిజానికి చాలా సెట్లలో దోషం మైనం పూసిన పేపర్ కండెన్సర్లది. కాగితం తేమ పీల్చుకుని లీకేజీ మొదలవుతుంది. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈబీసీ 81 ప్లేటుకూ (వాల్వులో కరెంటు చేరే చోటు) ఈఎల్ 84 గ్రిడ్డుకూ (ఆ కరెంటును అదుపు చేసే తీగ వల) మధ్య ఉండే 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్. దానిలో లీకేజీ రెసిస్టెన్స్ 50 మెగాఓమ్‌లే అనుకుందాం. ప్లేటు దగ్గర 100 వోల్టులు, గ్రిడ్డు రెసిస్టెన్స్ 680 కిలోఓమ్‌లు ఉంటే గ్రిడ్డు మీదికి 1.3 వోల్టుల పాజిటివ్ వస్తుంది. దానితో ఈఎల్ 84 అవసరానికి మించి కరెంటు లాగి, తానూ వేడెక్కి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌నూ వేడెక్కిస్తుంది. అందువల్ల ఈ ఒక్క కండెన్సర్‌ను పరీక్షించకుండానే మార్చాలన్నది నా గట్టి అభిప్రాయం. 630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్ చాలు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల తక్కువ ధరకే దొరుకుతుంది. మైకా, సెరామిక్ కండెన్సర్లను సాధారణంగా కదిలించనక్కర లేదు. ఫిల్టరు ఎలక్ట్రోలైటిక్‌ల బదులు 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి చాసిస్ అడుగున పెట్టి, పాత డబ్బాను కనెక్షన్ తీసేసి అందానికి అలాగే ఉంచవచ్చు. ఈజెడ్ 80 తరువాత వచ్చే మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్‌లు మించకూడదు, మించితే స్విచ్చి వేసిన ప్రతిసారీ ఆ వాల్వు మీద భారం పడుతుంది.

ఇక వాల్వుల సంగతి. గాజు లోపల పైభాగాన వెండిలా మెరిసే మచ్చ గెట్టర్. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరినట్టే, ఆ వాల్వు ఇక పనికిరాదు. తరువాత మీటరును ఓమ్స్‌లో పెట్టి నాలుగు, అయిదు పిన్నుల మధ్య ఫిలమెంటు చూడాలి. పైన చెప్పిన అయిదు వాల్వులకూ ఫిలమెంటు ఆ రెండు పిన్నుల మధ్యే ఉంటుంది. ఈఎల్ 84కు చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు ఓమ్‌లే చూపించడం సహజం, అది షార్టు కాదు.

కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో (సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా) పెట్టాలి, ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. స్పీకర్ కనెక్షన్ తప్పక ఉండాలి. మొదట ఈజెడ్ 80 తీసేసి స్విచ్చి వెయ్యాలి, మిగతా వాల్వుల ఫిలమెంట్లు, డయల్ బల్బు వెలగాలి. తరువాత ప్లగ్గు తీసి, ఈజెడ్ 80 పెట్టి మళ్లీ వెయ్యాలి. సిరీస్ బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే మంచిదే, పూర్తి కాంతితో నిలిచిపోతే వెంటనే ఆపి షార్టు వెతకాలి.

వాల్వు టెస్టర్ లేని వారికి ఆ సెట్టే టెస్టర్. అందుబాటులో ఉండే ఎమిషన్ టెస్టర్లు వాల్వును డయోడ్‌గా (కరెంటు పారుతుందా అని) మాత్రమే చూస్తాయి కనుక వాటిలో పాసైన వాల్వు సెట్టులో సరిగా పనిచేయకపోవడం మామూలే. సిరీస్ బల్బు తీసేసి, ఒక చేతిని వెనక్కి పెట్టుకుని, ఈఎల్ 84 మూడో పిన్నుకూ (కాథోడ్, అంటే ఎలక్ట్రాన్లను వెలువరించే భాగం) చాసిస్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. 135 ఓమ్‌ల కాథోడ్ రెసిస్టెన్స్, 250 వోల్టుల హెచ్‌టీ ఉంటే 7 వోల్టుల పైచిలుకు రావాలి. హెచ్‌టీ, రెసిస్టెన్స్ సరిగానే ఉండి ఇక్కడ నాలుగు వోల్టులే వస్తే వాల్వు అలసిపోయింది. రెండో పిన్ను (గ్రిడ్డు) దగ్గర సున్నా ఉండాలి. పాజిటివ్ కనిపిస్తే వాల్వు తీసేసి క్షణకాలమే మళ్లీ కొలవాలి. వోల్టేజి అలాగే ఉంటే దోషం కండెన్సర్‌ది, మాయమైతే వాల్వులో గ్యాస్ చేరింది. తొమ్మిదో పిన్నుకు (స్క్రీన్ గ్రిడ్డు, అంటే ప్లేటు ముందుండే రెండో గ్రిడ్డు) వోల్టేజి వస్తూ ఏడో పిన్నుకు (ప్లేటు) రాకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిపోయింది. అప్పుడు స్క్రీన్ గ్రిడ్డు ఎర్రగా కాలుతుంది కాబట్టి సెట్టును వెంటనే ఆపాలి.

స్పీకరులో గరగర ఉండి స్టేషన్లు రాకపోతే ఈసీహెచ్ 81లోని ఆసిలేటర్‌ను (స్టేషన్‌ను పట్టడానికి సెట్టులోనే తరంగాన్ని పుట్టించే భాగం) చూడాలి. డిజిటల్ మీటరుతో తొమ్మిదో పిన్ను దగ్గర కొన్ని వోల్టుల నెగటివ్ వస్తే ఆసిలేటర్ నడుస్తున్నట్టు. రాకపోతే ముందు బ్యాండ్ స్విచ్చి కాంటాక్టులను శుభ్రం చేసి, అప్పటికీ రాకపోతే వాల్వు మార్చాలి.

మార్చే వాల్వు మీద యూరప్ పేరే ఉండాలని లేదు. అమెరికా పద్ధతిలో ఈఎల్ 84ను 6బీక్యూ5 అనీ, ఈసీహెచ్ 81ను 6ఏజే8 అనీ, ఈజెడ్ 80ని 6వీ4 అనీ అంటారు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ చేసిన వాల్వులు పాత దుకాణాల్లో కనిపిస్తే తీసుకోవడం మేలు.

చివరగా సెట్టును గంటసేపు కళ్లెదుటే నడిపించాలి. గ్యాస్ ఉన్న వాల్వు చల్లగా ఉన్నప్పుడు మంచిదానిలాగే కనిపించి, వేడెక్కాకే బయటపడుతుంది. ఆ గంట తరువాత ఈఎల్ 84 రెండో పిన్నును మరోసారి కొలిచి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కాలిన వాసన రావడం లేదని చూసుకున్నాకే వెనుక అట్ట బిగించాలి.