నాగార్జునకొండ వెళ్లే ముందు, నీళ్ల కింద ఉన్న ఊరి సంగతి

నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్తాను. మొదటిసారి తొమ్మిదో తరగతిని నాగార్జునకొండకు తీసుకెళ్లినప్పుడు లాంచీలో ఒక అమ్మాయి అడిగింది: "ఇన్ని నీళ్లు దాటి వచ్చి ఇక్కడ రాజధాని ఎందుకు కట్టుకున్నారు సార్?" ఆ పిల్ల తప్పేమీ లేదు, అది ఒకప్పుడు ద్వీపం కాదని నేనే ముందు చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి ఎవరు వెళ్తామన్నా ఈ పద్ధతే చెప్తున్నాను.

ముందు ఇంటి దగ్గరే కాగితం మీద బొమ్మ గీయించండి. చుట్టూ నల్లమల కొండలు, ఒక పక్క కృష్ణ, మధ్యలో లోయ, ఆ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. ఇప్పుడు లోయంతా నీలం రంగు వేయమనండి, అది నాగార్జునసాగర్ డ్యాము నీళ్లు. పైకి మిగిలిన కొండ ముక్కే మనం లాంచీ దిగే చోటు. ఈ ఒక్క బొమ్మతో సగం పాఠం అయిపోతుంది, అక్కడికెళ్లాక అరిచి చెప్పక్కర్లేదు.

తవ్వకాల కథ కూడా ముందే చెప్పండి, పిల్లలకు బాగా పడుతుంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే అక్కడి బడిపంతులు పాత స్తంభాలు చూసి పై వాళ్లకు తెలియజేశారు. ఆ తర్వాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ పురావస్తు శాఖ తరఫున తవ్వారు. 1955లో సాగర్ డ్యాముకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. కానీ లోయ మునిగిపోతుందని అంతకుముందే తెలియడంతో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వించింది. నీళ్లు రాకముందే రాతియుగం పనిముట్ల నుంచి కోటగోడల దాకా అన్నీ కొలిచి, ఫొటోలు తీసి, రాసుకున్నారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి పైకి మోసి మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్ల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

కొండ మీద దిగాక మ్యూజియంలోకి పరుగెత్తొద్దు. ముందు ప్రతి కట్టడం దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న వేయించండి: ఇది ఇక్కడే పుట్టిందా, కింద నుంచి వచ్చిందా, చూపించడానికి చేసిన నమూనానా? కోటగోడలు కొండవే, ఇక్ష్వాకుల తర్వాత చాలా కాలానికి కట్టినవి. మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం), సింహళ విహారం (సింహళ భిక్షువుల మఠం), స్నానఘట్టం మాత్రం లోయలోవి. ఈ మూడు రకాలూ కలగాపులగం అయ్యాయంటే తర్వాత చదివేదంతా తప్పుగా ఎక్కుతుంది.

మహాచైత్యం దగ్గర కాసేపు కూర్చోండి. పునాది బండి చక్రంలా ఉంటుంది: మధ్యలో ఇరుసు దూరే చోటులాంటి గుండ్రటి భాగం, దాని నుంచి ఆకుల్లా బయటికి వచ్చే గోడలు. లోయలో దొరికిన ఇటుకలు దాదాపు 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. మా వాడొకడు మోచేయి నుంచి వేళ్ల దాకా గాల్లో కొలిచి చూపించి, "సార్, నా మూర చాలట్లేదు" అన్నాడు. అంతే, ఇక వాడు ఆ కొలత మర్చిపోడు.

మ్యూజియంలో అన్నీ చూడాలని టెన్షన్ పడొద్దు. ఒక్క శాసనం ఎంచుకుని దాని గురించి ముందే చదివి వెళ్లండి. నేనైతే ఛాంతిసిరి పేరు చెప్తాను. ఆవిడ ఇక్ష్వాకు రాజు ఛాంతమూలుడి తోబుట్టువు, మహాచైత్యానికి దానం చేసిన పెద్దావిడ. ఆవిడ అన్నదమ్ముడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లను చేసుకున్నాడు. మేనరికం అనగానే మన పిల్లలకు ఇంట్లో మాటలా ఉంటుంది, ప్రాకృత శాసనం దూరంగా అనిపించదు. ఇంకాస్త పెద్ద పిల్లలైతే బోధిసిరి అనే బౌద్ధ భక్తురాలి శాసనం చూపించండి, అందులో తాంబపణ్ణి, అంటే సింహళం (ఇప్పటి శ్రీలంక) భిక్షువుల ప్రస్తావన ఉంది.

ఒక జాగ్రత్త. బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడనేది బలమైన నమ్మకం, కొండకు పేరూ అలాగే వచ్చింది. కానీ ఇక్కడి ఇక్ష్వాకు శాసనాల్లో ఆయన పేరు లేదు, వాటిలో ఈ చోటుకు కనిపించే పేర్లు విజయపురి, శ్రీపర్వతం. పిల్లలకు రెండూ చెప్పండి, ఏది శాసనం చెప్పిన మాటో ఏది మనం చెప్పుకునే మాటో విడివిడిగా.

గుంటూరు నుంచి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి లాంచీ ఎక్కాలి. శుక్రవారం మ్యూజియం సెలవు. గాలి ఎక్కువున్నా నీళ్లు తగ్గినా లాంచీలు ఆగిపోతాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తిరుగు దారిలో అనుపు దగ్గర తప్పకుండా ఆగండి, అక్కడ లోయలోంచి తెచ్చి మళ్లీ కట్టిన ఆరుబయలు రంగస్థలం మెట్ల మీద కూర్చుంటే కింద ఉన్న ఊరు ఎంతటిదో ఊహకు అందుతుంది.

ఇంటికొచ్చాక ఒక్కొక్కరితో ఒక చీటీ రాయించండి: వస్తువు పేరు, దొరికిన చోటు, ఇప్పుడున్న చోటు, మనకెలా తెలిసింది. పోయినేడు ఆ లాంచీ అమ్మాయి చెల్లెలు మా బడికి వచ్చింది, ఆ చెల్లెలు స్నానఘట్టం గురించి రాసిన చీటీ ఇంకా తరగతి గోడ మీదే ఉంది: "ఈ మెట్లు నది ఒడ్డున ఉండేవి. ఆ ఒడ్డు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. మెట్లను మనుషులు కొండ ఎక్కించారు."